'పలాస 1978' చలనచిత్రం: కిరాయి హింస, కులం, నేరకథా సంవిధానం

వ్యాససంగ్రహం

కరుణకుమార్ తొలిసారిగా దర్శకత్వం వహించిన 'పలాస 1978' (2020) శ్రీకాకుళం జిల్లా పలాసను కథాస్థలంగా స్వీకరించిన నేరకథాచిత్రం. దళిత కుటుంబంలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు స్థానిక షావుకార్ల ఆధిపత్యపోరులో ఆయుధాలుగా మారిన వైనం ఇందులోని ఇతివృత్తం. తెరమీద జరిగే హత్యలకంటే, హింసను కూలిపనిగా మార్చి కొనుక్కొనే సామాజిక సంబంధమే ఈ చిత్రంలో మౌలికమైన నేరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ సంబంధాన్ని చిత్రం ఎంత స్పష్టంగా గుర్తించిందో, ప్రతీకార కథాసంవిధానానికి లొంగి దానిని ఎక్కడ చేజార్చుకొందో చారిత్రక నేపథ్యం, కథానిర్మాణం, పాత్రచిత్రణ, భాష అనే అంశాల ఆధారంగా పరిశీలిస్తుంది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథతో, 2012 నాటి లక్షింపేట ఘటనతో అనుసంధానించి చిత్రం విలువను, పరిమితులను అంచనా వేస్తుంది.

కీలక పదాలు: పలాస 1978, కరుణకుమార్, నేరకథాచిత్రం, దళిత ప్రాతినిధ్యం, ఉత్తరాంధ్ర, కిరాయి హింస, యజ్ఞం

1. ఉపోద్ఘాతం

తెలుగు చలనచిత్రాల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మనుషులు చాలాకాలం నవ్వించే పాత్రలుగానే కనిపించారు. ఇంటి పనివాడిగానో, నగరానికి కొత్తగా వచ్చిన అమాయకుడిగానో వచ్చి, యాసతో నాలుగు మాటలు పలికి వెళ్ళిపోవడం ఆ పాత్రల పని. కళింగాంధ్ర జీవితాన్ని లోతుగా చిత్రించిన గొప్ప కథాసాహిత్యం ఒకవైపు ఉండగా, వెండితెరకు ఆ జీవితంతో పరిచయం స్వల్పం. ఈ స్థితిలో 2020 మార్చి 6న విడుదలైన 'పలాస 1978' గమనింపదగిన ప్రయత్నం. తమ్మారెడ్డి భరద్వాజ సమర్పణలో వచ్చిన ఈ చిత్రంలో రక్షిత్, తిరువీర్, నక్షత్ర, రఘు కుంచె ప్రధాన పాత్రధారులు. సంగీత దర్శకుడు కూడా రఘు కుంచే. విడుదలైన మూడు వారాలలోపే కరోనా కారణంగా దేశమంతటా థియేటర్లు మూతపడ్డాయి. అందువల్ల చిత్రానికి రావలసినంత చర్చ ఆ రోజుల్లో రాలేదు.

వాస్తవ ఘటనల ఆధారంగా తీసినట్లు ప్రచారమైన ఈ చిత్రాన్ని 'దళిత చిత్రం' అనీ, 'ప్రతీకార కథ' అనీ రెండు విధాలుగా వర్గీకరించారు. రెండూ పాక్షిక సత్యాలే. దళితుల జీవితం గురించిన చిత్రం నేరకథ రూపాన్ని ఎన్నుకొన్నప్పుడు ఒక చిక్కు తప్పదు. నేరకథకు నేరస్థుడు కావాలి. అత్యాచారాల చరిత్రలో బాధితుడైనవాడిని కథలో హంతకుడిగా నిలబెట్టడం న్యాయమా? అలా నిలబెట్టి కూడా అతని పక్షాన సత్యాన్ని చెప్పగలమా? ఈ ప్రశ్నలకు చిత్రం ఇచ్చిన సమాధానాన్ని అన్వేషించడం ఈ వ్యాసలక్ష్యం.

2. కథావస్తువు

మోహనరావు (రక్షిత్), రంగారావు (తిరువీర్) అన్నదమ్ములు. జానపద గానమే ఊపిరిగా బతికే దళిత కుటుంబం వారిది. ఊరిపై పెత్తనం పెద్ద షావుకారు, చిన్న షావుకారు అనే ఇద్దరు సోదరులది. పెద్ద షావుకారు తరఫున బైరాగి అనే రౌడీ జనాన్ని అణచిపెడుతుంటాడు. అవమానాలు భరించలేని అన్నదమ్ములు అతన్ని ఎదిరించి హతమారుస్తారు. వారి తెగువను చూసిన చిన్న షావుకారు గురుమూర్తి (రఘు కుంచె) వారిని చేరదీస్తాడు. అన్నతో తనకున్న వైరంలోనూ, అధికారంకోసం సాగించే ప్రయత్నంలోనూ వారిని వాడుకొంటాడు. పని తీరిన తరువాత వారి స్థానం ఏమిటో గుర్తుచేస్తాడు. దళిత నేపథ్యంనుంచి వచ్చిన పోలీసు అధికారి సెబాస్టియన్ ఈ కథలో మూడో కోణం. యౌవనంనుంచి వయసు మళ్ళే దశవరకు మోహనరావు జీవితాన్ని చూపే కథనం ప్రతీకారం దిశగా సాగుతుంది.

స్థూలంగా చూస్తే ఇది పరిచితమైన కథే. చేరదీసిన యజమాని మోసం చేయడం, అనుచరుడు తిరగబడడం నేరకథాచిత్రాల్లో కొత్త కావు. ఇక్కడ కొత్తదనం కథలో కంటే కథ ఎవరి స్థానంనుంచి చెప్పబడింది అనే విషయంలో ఉంది.

3. తెలుగు నేరకథాచిత్ర సంప్రదాయంలో చిత్రం స్థానం

తెలుగులో నేరకథాచిత్రాన్ని మలుపు తిప్పిన 'శివ' (1989) కూడా ఒక కొత్త దర్శకుడి తొలి చిత్రమే. రామ్‌గోపాల్ వర్మ ఆ చిత్రంలో కళాశాల రాజకీయాలకూ నగర ముఠాలకూ మధ్యనున్న బంధాన్ని చూపాడు. అయితే అక్కడి నాయకుడికి కులం లేదు, బతుకుతెరువు సమస్య లేదు. హింసలోకి దిగడం అతని నైతిక నిర్ణయం. తరువాత వచ్చిన ముఠాకక్షల చిత్రాలు, 'సమరసింహారెడ్డి' (1999) మొదలుకొని, హింసను వంశగౌరవంతో ముడిపెట్టాయి. నాయకుడు భూస్వామి, రక్షకుడు. ప్రతినాయకుడు మరో భూస్వామి. ఇద్దరి మధ్య కత్తులు పట్టుకొని పరుగెత్తేవారికి ఆ చిత్రాల్లో పేర్లుండవు. వారు నరుకుతారు, నరకబడతారు. వారి ఇళ్ళెక్కడో, వారికేమి ముట్టిందో, వారి మరణానంతరం పిల్లలు ఎలా బతికారో ప్రేక్షకుడికి తెలియదు.

'పలాస 1978' ఆ పేరులేని మనుషులకు పేర్లు పెట్టింది. ముఠాచిత్రాల్లో నేపథ్యంలో ఉండే అనుచరుడు ఇక్కడ కథానాయకుడు. ముఠానాయకుడు వారి జీవితాలను నియంత్రించే యజమాని. దృక్కోణంలో వచ్చిన ఈ తారుమారే చిత్రం సాధించిన ప్రధాన విజయం.

అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ వార్షో 1948లో గ్యాంగ్‌స్టర్‌ను విషాదనాయకుడిగా విశ్లేషించాడు. ఎదగాలనే కోరిక, ఎదుగుదల తెచ్చే ఒంటరితనం, అనివార్యమైన పతనం అనే క్రమాన్ని అతను ఆ కథల్లో గుర్తించాడు. ఈ సూత్రాన్ని 'పలాస 1978'కు అన్వయిస్తే ఆసక్తికరమైన వైరుధ్యం బయటపడుతుంది. ఇక్కడ ఎదుగుదల గురుమూర్తిది, పతనం అన్నదమ్ములది. ఒకే వ్యక్తి జీవితంలో సాగవలసిన ఆరోహణ, అవరోహణలు రెండు కులాల మధ్య పంపకమయ్యాయి. గ్యాంగ్‌స్టర్‌కు దక్కే కనీస వైభవమైనా, అంటే సొంత సామ్రాజ్యమైనా, ఈ అన్నదమ్ములకు దక్కదు.

ఎరిక్ హాబ్స్‌బామ్ ప్రతిపాదించిన 'సామాజిక బందిపోటు' భావన కూడా ఇక్కడ పూర్తిగా ఇమడదు. పేదలు తమవాడుగా భావించి కాపాడుకొనే తిరుగుబాటుదారుడు సామాజిక బందిపోటు. బైరాగిని ఎదిరించిన క్షణంలో అన్నదమ్ములకు ఆ లక్షణం ఉంది. గురుమూర్తి గూటికి చేరిన క్షణంనుంచి ఆ లక్షణం సన్నగిల్లుతుంది. తిరుగుబాటు ఎంత త్వరగా కొలువుగా మారిపోతుందో చూపడం ఈ చిత్రానికి కథాకేంద్రం.

పొరుగు భాషల్లో ఈ చిత్రానికి దగ్గరి బంధువు మలయాళంలో రాజీవ్ రవి తీసిన 'కమ్మటిపాడం' (2016). కొచ్చి నగర విస్తరణలో దళిత యువకులు భూవ్యాపారులకు కండబలంగా ఉపయోగపడి, చివరికి తమ నేలనే కోల్పోయిన కథ అది. అయితే అక్కడ కథను నడిపేది దళితేతరుడైన కృష్ణన్. కనిపించకుండాపోయిన మిత్రుడు గంగను వెదకడం ద్వారా గతం తెలుస్తుంది. 'పలాస 1978'లో అటువంటి మధ్యవర్తి లేడు. మోహనరావు తన కథకు తానే కేంద్రం. ఇది కళాత్మక పరిణతిలో 'కమ్మటిపాడం'ను అందుకోలేకపోయినా, దృక్కోణం విషయంలో దానికంటే ఒక అడుగు ముందుంది.

4. చారిత్రక నేపథ్యం: 1978 అనే కాలం

చిత్రనామంలోని సంవత్సరానికి ఉన్న ప్రాధాన్యం ఊరిపేరుకు ఉన్న ప్రాధాన్యానికి తక్కువైనది కాదు. పలాస, కాశీబుగ్గ జంటపట్టణాలు జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి. ఉద్దానం తోటల్లో పండిన జీడిపిక్కలను కాల్చి, కొట్టి, పొట్టు తీసి, గుండ్లనూ బద్దలనూ వేరుచేసే పనిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. పిక్కల్లోని జీడి చేతులను కాల్చి మచ్చలు మిగుల్చుతుంది. పప్పు దేశదేశాలకు చేరుతుంది, మచ్చలు పలాసలోనే ఉండిపోతాయి. షావుకారు అనే మాటకు ఈ ప్రాంతంలో ఉన్న బరువు ఈ ఆర్థికవ్యవస్థ నుంచి వచ్చిందే. పెట్టుబడి, అప్పు, పని, కూలి అన్నీ ఒకేచేతిలో ఉన్నప్పుడు ఆ చేతిని ఎదిరించడం తేలిక కాదు.

అయినా ఎదిరించిన చరిత్ర ఈ ప్రాంతానికి ఉంది. మందస జమీందారీకి వ్యతిరేకంగా సాగిన రైతుపోరాటంలో 1940లో వీరగున్నమ్మ పోలీసు కాల్పుల్లో మరణించింది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్న అనే గిరిజనులు హత్యకు గురైన తరువాత శ్రీకాకుళ గిరిజనోద్యమం సాయుధపోరాటంగా మారింది. పలాసకు సమీపంలోని బొడ్డపాడు ఆ ఉద్యమానికి ఆయువుపట్టు. 1969లో పంచాది కృష్ణమూర్తి, సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణించడంతో ఉద్యమం వెనుకపట్టు పట్టింది. 1975నుంచి 1977వరకు అత్యవసర పరిస్థితి కొనసాగింది.

1978 ఈ రెండింటి తరువాతి సంవత్సరం. సమష్టి ప్రతిఘటన అణగారిపోయింది. ఎన్నికల రాజకీయం మళ్ళీ మొదలైంది. జనం కోపం మాత్రం అలాగే ఉంది. ఆ కోపాన్ని సంఘటితం చేసే నిర్మాణం బలహీనపడినప్పుడు దానికి మిగిలిన దారి వ్యక్తిగత సాహసం. వ్యక్తిగత సాహసాన్ని కొనుక్కోవడం డబ్బున్నవాడికి సులువు. ఈ నేపథ్యంలో చూసినప్పుడు మోహనరావు, రంగారావుల తిరుగుబాటు గురుమూర్తి వాకిట్లో ఆగిపోవడం వారి తెలివితక్కువతనంగా కనిపించదు. అది ఆ కాలపు చారిత్రక పరిమితి. చిత్రం ఉద్యమ చరిత్రను కథాకేంద్రంలోకి తీసుకోలేదు. అయినా ఉద్యమం మిగిల్చిన ఖాళీలోనే దాని కథ నడుస్తున్నదని గ్రహించినప్పుడు శీర్షికలోని సంవత్సరానికి సార్థకత ఏర్పడుతుంది.

5. కిరాయి హింస: నేరం ఒక కూలిపని

చిత్రంలోని కీలక ఘట్టం బైరాగి హత్య. సాధారణ నేరకథలో ఇది నాయకుడి విజయఘట్టం. 'పలాస 1978'లో దాని ఫలితం వేరు. బైరాగి చనిపోవడంతో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. పెత్తందారీ వ్యవస్థకు బైరాగి అనే వ్యక్తి అవసరం లేదు, బైరాగి చేసే పని అవసరం. ఆ పనికి అతన్ని చంపినవారికంటే అర్హులెవరు? గురుమూర్తి అన్నదమ్ములను చేరదీయడం వెనుక ఉన్న తర్కం ఇదే. తమను పీడించినవాడిని తొలగించామని వారు భావిస్తారు. నిజానికి వారు అతని స్థానంలో నియమితులయ్యారు.

ఈ నియామకంలో మూడు అంశాలు గమనార్హం. మొదటిది, ప్రతిఫలం స్వభావం. జీడి కార్మికురాలి శ్రమకూ దాని విలువకూ మధ్య ఉన్న అంతరమే ఇక్కడా ఉంది. అన్నదమ్ములు చేసిన పనివల్ల షావుకారుకు ఊరిపై పట్టు, అధికారానికి దారి లభిస్తాయి. వారికి మాత్రం పూటగడుపు, కొంత భయమిశ్రిత గౌరవం దక్కుతాయి. రెండవది, నేరబాధ్యత. పని చేయించినవాడి చేతులకు రక్తం అంటదు. కేసు, జైలు, చావు భయం అన్నీ పని చేసినవాడివే. మూడవది, దూరం. ఆయుధంగా దగ్గరకు తీసుకొన్నవారిని మనుషులుగా దగ్గరకు రానివ్వకపోవడం. పంచుకోవడానికి నేరం ఉన్నంతకాలం షావుకారు వారిని తనవారంటాడు. గౌరవాన్ని పంచుకోవలసిన సమయం వచ్చేసరికి కులం గుర్తుకువస్తుంది. అంటరానితనం నీళ్ళబిందె దగ్గరా గుడి గడప దగ్గరా మాత్రమే ఉండదు. రహస్యాలు పంచుకొన్న గదిలో కూడా ఉంటుంది. చిత్రం చెప్పిన విషయాల్లో ఇది అత్యంత బలమైనది.

ఉత్తరాంధ్ర కథాసాహిత్యంలో ఈ దృష్టికి పూర్వరూపం ఉంది. వృత్తిరీత్యా న్యాయవాది అయిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు'లో నేరాన్ని పేదల బతుకుతెరువుగా, చట్టాన్ని పెద్దల వ్యాపారంగా చూపాడు. ఎవరి నేరం నేరమవుతుంది, ఎవరి నేరం వ్యవహారమవుతుంది అనే ప్రశ్న ఆయనది. కరుణకుమార్ స్వయంగా కథారచయిత. ఆ ప్రశ్నను ఆయన సారా దుకాణంనుంచి ముఠాకక్షల రంగానికి తరలించాడని చెప్పవచ్చు.

6. సెబాస్టియన్ పాత్ర: చట్టం, చైతన్యం

పోలీసు అధికారి సెబాస్టియన్ పాత్ర చిత్రానికి సిద్ధాంతబలం. అదే సామాజిక మూలాలనుంచి వచ్చి, చదువు ద్వారా అధికారం పొందినవాడు అతను. అంబేద్కర్ ఆలోచనను కథలోకి తెచ్చేది ఇతని మాటలే. ఒకే వివక్షనుంచి ఇద్దరు మనుషులు రెండు దారుల్లో వెళ్ళారు. ఒకరి చేతికి కత్తి, మరొకరి ఒంటికి ఖాకీ వచ్చాయి. ఈ జంటచిత్రణ నేరకథలో తరచుగా కనిపించే పోలీసు, దొంగ ద్వంద్వాన్ని మార్చివేసింది. సెబాస్టియన్ మోహనరావును వేటాడేవాడు మాత్రమే కాడు. అతన్ని అర్థం చేసుకోగల ఏకైక అధికారి కూడా.

అయితే 1978లో సెబాస్టియన్ చేతిలోని చట్టం బలహీనమైనది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి 1989వరకు ఆగవలసివచ్చింది. దానికి కారంచేడు (1985) వంటి మారణకాండలు జరగవలసివచ్చింది. అంటే మోహనరావుకు జరిగిన అవమానాల్లో చాలావాటికి ఆనాటి న్యాయస్థానంలో తగిన పేరు కూడా లేదు. అతను చేసిన హత్యకు మాత్రం శిక్షాస్మృతిలో స్పష్టమైన సెక్షను ఉంది. చట్టం ఒక హింసను చూడగలిగి, దానికి కారణమైన మరో హింసను చూడలేకపోవడం ఈ కథలోని విషాదానికి మూలం.

ఈ పాత్రచిత్రణలో ఒక లోపం ఉంది. సెబాస్టియన్ ఆలోచనలు సన్నివేశాలద్వారా కంటే ప్రసంగాలద్వారా ఎక్కువగా వ్యక్తమవుతాయి. ఆ మాటలకు థియేటరులో చప్పట్లు వచ్చే గుణం ఉంది. కాని ఖాకీ ధరించిన దళితుడు ఠాణా లోపల, తోటి అధికారుల మధ్య రోజూ ఎదుర్కొనే ఒంటరితనం ప్రసంగాల వెనుక దాగిపోయింది.

7. భాష, పాట

చిత్రంలో ఉత్తరాంధ్ర మాండలికం నవ్వుకోసం వాడబడలేదు. ప్రేమ, కోపం, బెదిరింపు, శోకం అన్నీ ఆ భాషలోనే పలుకుతాయి. 'ఏటి', 'నాను', 'గుంట' వంటి మాటలు కథానాయకుడి నోట వినిపించినప్పుడు, అంతకుముందు అవే మాటలకు నవ్విన ప్రేక్షకుడు తన అలవాటును ప్రశ్నించుకోక తప్పదు. విజయనగరంలో గురజాడ 'కన్యాశుల్కం'ద్వారా పాత్రోచితభాషకు గౌరవం తెచ్చిన శతాబ్దం తరువాత, అదే నేలమీది భాష తెరమీద గంభీరపాత్రకు అర్హత పొందడానికి ఇంతకాలం పట్టడం ఆలోచించవలసిన విషయం.

జానపదగానం చిత్రంలో అలంకారం కాదు. అన్నదమ్ముల తొలి గుర్తింపు అది. 'నక్కిలీసు గొలుసు' పాట చిత్రాన్ని చూడనివారికి కూడా చేరింది. ఆ ఆదరణ వెనుక ఒక చేదు సత్యం ఉంది. కళాకారుడి పాటను ఊరంతా స్వీకరిస్తుంది, కళాకారుణ్ణి స్వీకరించదు. చిత్రంలో పాడే గొంతును కత్తిపట్టే చేతిగా మార్చిన గురుమూర్తి పాత్రను పోషించింది, ఆ పాటలకు సంగీతం కూర్చింది ఒకే వ్యక్తి కావడం యాదృచ్ఛికమైనా అర్థవంతంగా తోస్తుంది.

ఈ ప్రాంతంలో జముకుల కథ జాతరలకే పరిమితం కాలేదు. బొడ్డపాడులో అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఆ రూపాన్ని ఉద్యమ ప్రచారానికి మలచుకొన్నాడు. ఉత్తరాంధ్రనుంచే వచ్చిన వంగపండు ప్రసాదరావు పాటను పోరాట సాధనంగా చేశాడు. కాబట్టి పలాస ప్రాంతపు కళాకారుడికి పాట, కత్తి అనే రెండు దారులే లేవు. పాటనే ఆయుధంగా చేసుకొన్న మూడో దారి ఒకటి ఆ నేలమీదే ఉంది. చిత్రం ద్వితీయార్ధంలో పాట క్రమంగా మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని కోల్పోయిన జీవితానికి సంకేతంగా మలిచే అవకాశం ఉన్నా, దర్శకుడు దానిని పూర్తిగా ఉపయోగించుకోలేదు.

8. ప్రతీకార సంవిధానం: చిత్రం పరిమితులు

ప్రథమార్ధంలో చిత్రం ఒక వ్యవస్థను చూపింది. ద్వితీయార్ధంలో ఒక శత్రువును చూపింది. ఈ మార్పు స్వల్పంగా కనిపించినా దీని పర్యవసానాలు పెద్దవి. కిరాయి హింస ఒక సామాజిక సంబంధమైతే, దానికి పరిష్కారం ఒక వ్యక్తి మరణంలో లేదు. బైరాగి చనిపోతే ఆ స్థానంలోకి మరొకరు వస్తారని చిత్రమే చెప్పింది. అటువంటప్పుడు షావుకారు విషయంలో ఆ సూత్రం ఎందుకు వర్తించదు? కథ తన తొలిభాగంలో స్థాపించిన సత్యాన్ని చివరిభాగంలో మరచిపోయింది. ప్రతీకార కథాసంవిధానం ప్రేక్షకుడికి తృప్తినిస్తుంది. ఆ తృప్తి ప్రథమార్ధం రేపిన అశాంతిని చల్లార్చుతుంది.

స్త్రీపాత్రల విషయంలో లోపం మరింత స్పష్టం. జీడి పరిశ్రమను భుజాలమీద మోస్తున్నది స్త్రీలైనప్పటికీ పలాస కథలో వారికి ప్రేయసి, తల్లి, ఎదురుచూసే ఇల్లాలు అనే స్థానాలే దక్కాయి. నక్షత్ర పోషించిన కథానాయిక పాత్రకు సొంత నిర్ణయాలు పరిమితం. పురుషుడు హింసలో దిగినప్పుడు ఇల్లు ఎవరి కూలిమీద నడిచింది అనే ప్రశ్న వేసివుంటే, 'నేరం ఒక కూలిపని' అనే చిత్రదృష్టికి మరో బలమైన కోణం చేరేది.

దళితులను హింసాపరులుగా చూపడం పాత ముద్రలను బలపరుస్తుందనే ఆక్షేపణకు కూడా అవకాశం ఉంది. ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయలేము. అయితే చిత్రం హింసను పుట్టుకతో వచ్చిన గుణంగా ఎక్కడా చూపలేదు. పాటలు పాడే యువకులు హంతకులుగా మారడానికి దారితీసిన ప్రతి మెట్టునూ చూపింది. ఏ మెట్టుమీద ఎవరి ప్రయోజనం ఉందో కూడా చెప్పింది. ముద్రను బలపరిచే కథ కారణాలను దాచిపెడుతుంది. ఈ చిత్రం వాటిని బయటపెట్టింది.

9. 'యజ్ఞం', లక్షింపేట: రెండు పోలికలు

శ్రీకాకుళ ప్రాంతంనుంచి వచ్చిన కథల్లో హింసను అత్యంత తీవ్రంగా చిత్రించినది కాళీపట్నం రామారావు 'యజ్ఞం'. ఈ కథ ఉన్న 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అప్పల్రాముడి అప్పు తగువును ఊరిపెద్దలు ధర్మబద్ధంగా, మర్యాదగా పరిష్కరిస్తారు. ఎవరూ ఎవరినీ కొట్టరు. చివరికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన బిడ్డను తానే చంపుకొంటాడు. బానిసత్వం మరో తరానికి సాగకూడదన్నది అతని తీర్పు.

'యజ్ఞం'లో హింస లోపలికి తిరిగింది. 'పలాస 1978'లో అది బయటికి తిరిగింది. ఈ మార్పు ధైర్యానికి సంబంధించినదిగా మాత్రమే చూడడం సరికాదు. సీతారాముడి చర్య ఎవరికీ ఉపయోగపడదు. ఆ హింసను ఏ షావుకారూ కొనుక్కోలేడు. అందుకే అది పంచాయితీలో కూర్చున్న పెద్దలందరినీ ఒక్కసారిగా ముద్దాయిలను చేసింది. మోహనరావు హింస మొదట షావుకారుకు ఉపయోగపడింది, తరువాత షావుకారుపైకి మళ్ళింది. దానివల్ల ఒక్క వ్యక్తి మాత్రమే ముద్దాయి అయ్యాడు, ఊరు తప్పించుకొంది. కథకు, చిత్రానికి మధ్య ఉన్న అసలు దూరం ఇదే.

రెండవ పోలిక కల్పన కాదు. 2012 జూన్ 12న, అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్షింపేటలో ఆధిపత్యకులస్థుల దాడిలో ఐదుగురు దళితులు మరణించారు. మడ్డువలస జలాశయంకోసం సేకరించిన భూముల్లో మిగులుభూమిని దళితులు సాగుచేసుకోవడం ఆ దాడికి నేపథ్యం. 2022 జిల్లాల పునర్విభజన తరువాత వంగర మండలం విజయనగరం జిల్లాలో చేరింది. కారంచేడు, చుండూరు కోస్తా జిల్లాల సంగతులని, ఉత్తరాంధ్రలో కులఘర్షణ అంతగా లేదని ఉన్న నమ్మకాన్ని లక్షింపేట బద్దలుకొట్టింది.

ఇటువంటి ఘటనలను 'పాతకక్షలు', 'ఇరువర్గాల ఘర్షణ', 'ముఠా తగాదా' అనే మాటలతో వర్ణించడం పరిపాటి. ఆ మాటలు కులాన్ని చెరిపివేసి, కొట్టినవాడినీ దెబ్బతిన్నవాడినీ ఒకే పంక్తిలో కూర్చోబెడతాయి. 'పలాస 1978' సాధించినది ఈ మాటల పొరను ఒలిచి చూపడం. బయటినుంచి చూసేవారికి రెండు ముఠాల పోరుగా కనిపించే కథలో కులం, కూలి, అవమానం ఎలా పనిచేశాయో అది విప్పి చెప్పింది. నేరకథ రూపాన్ని ఎన్నుకోవడానికి ఇంతకంటే సమర్థన అవసరం లేదు.

10. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

• 'పలాస 1978' ముఠాచిత్రాల్లో పేరులేకుండా మిగిలిన అనుచరుడిని కథాకేంద్రంలో నిలిపింది. ఎదుగుదల ఒక కులానిది, పతనం మరో కులానిది కావడంవల్ల నేరకథాచిత్రపు పాశ్చాత్య సూత్రం ఇక్కడ కొత్త అర్థాన్ని పొందింది.

• హింసను కూలిపనిగా, నేరాన్ని యజమాని, కూలివాడి సంబంధంగా చూపడం చిత్రంలోని మౌలిక అంతర్దృష్టి. బైరాగి స్థానంలో అన్నదమ్ములు చేరడం ఇందుకు నిదర్శనం.

• శ్రీకాకుళ ఉద్యమం అణగిపోయిన తరువాతి కాలంలో కథను నిలపడంవల్ల వ్యక్తిగత తిరుగుబాటు పరిమితి చారిత్రకంగా బోధపడుతుంది.

• మాండలికానికి, జానపదగానానికి గంభీరమైన స్థానం కల్పించడంద్వారా చిత్రం ఉత్తరాంధ్ర ప్రాతినిధ్యాన్ని హాస్యపాత్ర స్థాయినుంచి తప్పించింది.

• ద్వితీయార్ధంలోని ప్రతీకార సంవిధానం, బలహీనమైన స్త్రీపాత్రలు, ప్రసంగప్రాధాన్యం చిత్రం తొలుత సాధించిన స్పష్టతను తగ్గించాయి.

తొలి చిత్రంలోనే కరుణకుమార్ ఎన్నుకొన్న ఈ దారి, ప్రేమనూ కులహింసనూ ముడివేసిన 'శ్రీదేవి సోడా సెంటర్' (2021)లో కూడా కొనసాగింది. చంపినవాడు ఎవరు అని వెదకడం సాధారణ నేరకథ పని. చంపే పనికి కూలి ఎవరిచ్చారు, ఆ కూలికి ఒప్పుకోక తప్పని స్థితిని ఎవరు కల్పించారు అని అడగడం 'పలాస 1978' చేసిన పని. రెండవ ప్రశ్నను చివరివరకు నిలబెట్టుకోలేకపోయినా, తెలుగు తెరమీద దానిని ఇంత సూటిగా అడిగిన చిత్రాలు అరుదు. ఉత్తరాంధ్ర జీవితం ఆధారంగా రాబోయే నేరకథాచిత్రాలను ఆ ప్రశ్న ముందు నిలిపి పరిశీలించవలసి ఉంటుంది.